మా ఆయన మెచ్చుకోళ్లు

మా ఆయన నన్ను మొదటిసారి మెచ్చుకున్నది ఒక బుధవారం పొద్దున. పెళ్లయి ఇరవయ్యారేళ్ల తర్వాత. ఆయన డ్యూటీకి బయలుదేరుతూ వంటింటి గడప దగ్గర ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. నేను తరిగి పెట్టిన వంకాయ ముక్కల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"వంకాయలన్నీ ఒకే సైజులో కోశావు. చాలా శ్రద్ధగా చేశావు" అన్నాడు.

అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను కత్తిపీట మీద అలాగే కూర్చుండిపోయాను. సంతోషంతో అనుకునేరు. కాదు, భయంతో.

మా ఆయన పేరు రంగనాథం. ఊరి చివర మనలిలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఫోర్‌మన్. ముప్పై ఏళ్ల సర్వీసు. మంచివాడే. తాగడు, ఎవరి జోలికీ పోడు. కాకపోతే కోపం. అది ముక్కు మీద కాదు, ఒంటి నిండా ఉంటుంది. మెడ పక్కన ఒక నరం లేస్తుంది, ఆ వెంటనే అరుపు లేస్తుంది. ఆయన బండి చప్పుడు సందు చివర వినిపిస్తే నేను టీవీ గొంతు తగ్గిస్తాను. మా అమ్మాయి చాందిని ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ చప్పుడుకి పుస్తకం తెరిచేది. ఆయన ఏం అడిగినా మా ఇంట్లో జవాబు ఒక్కటే, "ఏం లేదు." కుక్కర్ రబ్బరు తెగినా ఏం లేదు, ఒళ్లు కాలినా ఏం లేదు. చెప్తే అరుస్తాడు. అరుపు విన్న తర్వాత కూడా తెగిన రబ్బరు తెగినట్టే ఉంటుంది కదా, ఎందుకు చెప్పడం.

అలాంటి మనిషి వంకాయ ముక్కల సైజు చూశాడంటే ఏమనుకోవాలి? అదొక్కటే అయితే సరిపెట్టుకునేదాన్ని. ఆయన మాట్లాడిన భాష నన్ను నిలవనివ్వలేదు.

మేము తాతముత్తాతల నాటి నుంచి ఈ అరవ ఊళ్లో, రాయపురంలోనే ఉన్నాం. మా ఇంట్లో తెలుగు మా ఇంటి తెలుగే. ఈడ, ఆడ, పోయినావు, వచ్చినావు. సగం అరవం కలుస్తుంది, దానికి సిగ్గుపడేదీ లేదు. మా ఆయన పుట్టి బుద్ధెరిగి "కోశావు" అన్న మనిషి కాదు. "కోసినావు" అంటాడు. "చేశావు" అనేది ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునే పిల్లల మాట. ఆ మాట ఈయన నోట్లోకి ఎట్లా వచ్చింది? ఎవరితో మాట్లాడితే వచ్చింది?

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. కొలత అంగుళం తేడా ఉంటే నా కంటికి దొరుకుతుంది. ఈ మాట మా ఆయన కొలతకు కుట్టింది కాదు.

మరుసటి రోజు మళ్లీ. నా దగ్గర కుట్టించుకునే కాళియమ్మ, జాకెట్టు చెయ్యి బిగుతైందని తెచ్చి పడేస్తే విప్పి కుడుతున్నాను. ఆయన భోంచేసి వచ్చి నిలబడ్డాడు. "కాళియమ్మ గారి జాకెట్టు మళ్లీ కుట్టావు. విసుక్కోలేదు. నీ ఓపిక నాకు నచ్చింది" అన్నాడు. కాళియమ్మ గారు! ఆ ముసలామెను ఈయన ఇన్నేళ్లుగా "ఆ కోళిగూడు", అంటే కోళ్లగూడు, అని తప్ప పిలిచింది లేదు.

మా కింది వాటాలో ఇంద్రజ ఉంటుంది. మంచి పిల్లే కానీ నిప్పు కనబడితే విసనకర్ర తెస్తుంది. ఆమెతో చెప్పాను.

"మొగోళ్లు ఉన్నట్టుండి పొగిడినారంటే రెండే కారణాలక్కా" అంది. "ఒకటి జబ్బు. రెండోది ఆడది. జబ్బుంటే తిండి తగ్గుద్ది. మామ తిండి తగ్గిందా?"

"లేదు. రెండు ముద్దలు ఎక్కువే తింటా ఉండాడు."

ఇంద్రజ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ నొక్కడమే నాకు జ్వరం తెప్పించింది.

నేను పరీక్ష పెట్టాను. ఆ ఆదివారం పప్పులో కావాలని ఉప్పు రెండింతలు వేశాను. మామూలుగా అయితే పళ్లెం గోడకు తగిలి ఉండాలి. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మెడ పక్కన నరం లేచింది. హమ్మయ్య, మా ఆయనే అనుకున్నాను. కానీ ఆయన నీళ్లు తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత, "పప్పు మెత్తగా ఉడికించావు" అన్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దీనంతటికీ పదిహేను రోజుల ముందు వాళ్ల ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. దీపక్ అని ఈయన షిఫ్టులో ఆపరేటర్, పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆసిడ్ పైపు అతుకు దగ్గర కారుతుంటే తనంతట తనే బిగించబోయి కుడి చెయ్యి మోచేతి దాకా కాల్చుకున్నాడు. విచారణ జరిగింది. కారడం గంట ముందే చూసి కూడా పైవాళ్లకు చెప్పలేదు కాబట్టి తప్పు దీపక్‌దే అని రాశారట. మా ఆయన ఇంటికొచ్చి "వాడు చెప్పలేదు" అని ఒక్క మాట అన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

మెచ్చుకోళ్లు ఆగలేదు. రోజుకొకటి. ఎక్కువా కాదు, తక్కువా కాదు, మందు బిళ్ల మాదిరి ఒక్కటి. కోయంబత్తూరులో ఉద్యోగం చేసుకుంటున్న చాందినికి ఫోన్ చేసి చెప్పాను. అది ఎప్పటిలాగే అరవంలో మాట్లాడింది. "అప్పా నల్లా పేసినా ఉనక్కు ఎన్నమ్మా?" అంది. నాన్న మంచిగా మాట్లాడితే నీకేం నొప్పి అని. దానికేం తెలుసు. మంచి మాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే అది చెడ్డ మాట కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఒక రోజు ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోన్ తీశాను. తప్పే. ఒప్పుకుంటున్నాను. అందులో ప్రతి మంగళవారం ఒకే నంబరుకి కాల్స్. పేరు "వర్షిణి గారు." చొక్కా జేబులో కోడంబాక్కం రైలు టికెట్టు. మంగళవారం ఆయనకు వారపు సెలవు. రెండు నెలలుగా ఆ రోజు యూనియన్ మీటింగని మనలికి పోతున్నాడు. మనలికీ కోడంబాక్కానికీ ఏం సంబంధం? ఒకటి ఊరికి ఈ చివర, ఇంకొకటి ఆ చివర.

ఇంద్రజ ఫోన్ నుంచి ఆ నంబరుకి కొట్టాను. "హలో, చెప్పండి, ఎవరండీ మాట్లాడేది?" అంది ఒక ఆడగొంతు. మెత్తగా, సాగదీసి, అచ్చం ఆంధ్రా తెలుగు. కోశావు, కుట్టావు, నచ్చింది, అన్నీ ఆ గొంతులోంచే వచ్చినట్టు అనిపించింది. ఫోన్ పెట్టేశాను.

"కోడంబాక్కం అంటే సినిమాలోళ్లు కదక్కా" అంది ఇంద్రజ.

ఆ రోజే అనుకున్నాను. ఇది నిజమైతే నేను ఏడవను, గొడవ పడను. కుట్టుమిషను ఆటోలో పెట్టుకుని చాందిని దగ్గరకు పోతాను. అరుపులు భరించాను గానీ ఇంకొకామె నోటి మాటలు తెచ్చి నాకు వడ్డిస్తే భరించను. ఆ నిర్ణయం తీసుకున్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మంగళవారం తొమ్మిదింటికి ఆయన బయలుదేరాడు. "మీటింగు" అన్నాడు. "సరి" అన్నాను. ఆయన సందు మలుపు తిరగ్గానే నేనూ బయలుదేరాను. బీచ్ స్టేషన్లో ఆయన జనరల్ పెట్టె ఎక్కితే నేను ఆడవాళ్ల పెట్టె ఎక్కాను. ప్రతి స్టేషన్లోనూ తల బయటపెట్టి చూశాను. నా వయసుకు ఇదేం పని అని సిగ్గుగా ఉంది, కానీ దిగిపోవాలని మాత్రం అనిపించలేదు.

కోడంబాక్కంలో దిగి రెండు వీధులు నడిచాడు. సినిమా దుస్తులు అద్దెకిచ్చే షాపు పక్కన మెట్లు. రాజుల కోట్లు, దేవతల కిరీటాలు వేలాడుతున్నాయి. వాటి పక్కనుంచి మా ఆయన తల వంచుకుని పైకెక్కాడు. నేను ఎదురుగా ఉన్న గుండీల షాపులో నిలబడి, వద్దనుకుంటూనే మూడు డజన్ల ప్రెస్ బటన్లు కొన్నాను. యాభై నిమిషాలైంది.

ఆయన దిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కర్చీఫుతో మొహం తుడుచుకుంటున్నాడు. మెట్ల కింద రెండు నిమిషాలు నిలబడి పెదాలు కదిలిస్తున్నాడు, తనలో తను ఏదో అప్పగించుకుంటున్నట్టు. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఈయన కళ్లు ఎర్రబడటం నేను చూడలేదు. ఎవరామె, ఈయన్ని ఏడిపించిన ఆమె? ఆయన స్టేషన్ వైపు మలుపు తిరిగేదాకా ఆగి, మెట్లెక్కాను.

పైన తలుపు మీద బోర్డు. "వర్షిణి, సైకాలజిస్ట్." బోర్డు చూసి నా అనుమానం తగ్గిందనుకుంటున్నారా? బోర్డుదేముంది, ఎవరైనా రాయించి తగిలించుకోవచ్చు. తలుపు తోశాను.

ముప్పై ఏళ్లుంటాయేమో. నూలు చుడీదారు, కళ్లజోడు. మొహాన పౌడర్ కూడా లేదు. గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక ఫ్యాను. నేను ఊహించుకున్నదానికి, ఇక్కడ ఉన్నదానికి ఎక్కడా కుదరలేదు.

"అపాయింట్‌మెంట్ ఉందా అండీ?" అంది.

"లేదు. పేరు దమయంతి" అన్నాను. అది మా ఆడబిడ్డ పేరు. అప్పటికప్పుడు నోటికి అదే వచ్చింది.

"పర్లేదు, తర్వాతి ఆయన రావట్లేదు. కూర్చోండి. చెప్పండి, ఏం ఇబ్బంది?"

"మా ఆయన నన్ను మెచ్చుకుంటా ఉండాడు" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అలా మెచ్చుకుంటే మీకు ఎలా ఉంటోంది?"

"అనుమానంగా ఉండాది."

"ఆయన్నే అడిగారా, ఎందుకని?"

"అడిగితే అరుస్తాడు."

"అరిస్తే మీరేం చేస్తారు?"

"ఏం లేదంటాను."

"ఏం లేదు అన్నాక?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. "ఏం లేదన్నాక ఆయనకు అన్నం పెడతా. అంతే" అన్నాను. చెప్తుంటే నాకే ఏదోలా అనిపించింది. నేను వచ్చింది ఈమె గుట్టు లాగడానికి, ఈమె నా గుట్టు లాగుతోంది. ఒళ్లు మండింది. ఇక ముసుగెందుకని అసలు చోట గుచ్చాను.

"ఆ మెచ్చుకోడం కూడా మా మాదిరి కాదు. మీ మాదిరి మాట్లాడతాడు. కోశావు, కుట్టావు అంటాడు. మాది రాయపురం. మా ఇంట్లో ఎవురూ అట్ట మాట్లాడరు."

ఆమె పెన్ను ఆగింది. నా మొహంలోకి ఒకసారి చూసింది. పెన్నుకు మూత పెట్టింది.

"దమయంతి గారూ, మీతో నేను కాకుండా వేరేవాళ్లు మాట్లాడితే మంచిది. ఇంకొకరి పేరు రాసిస్తాను. చాలా బాగా వింటారు."

"మీరెందుకు మాట్లాడరు?"

"కారణం చెప్పలేనండీ. ఇక్కడికి ఎవరు వస్తారో, ఎవరు రారో నేను ఎవరికీ చెప్పను. మీరు వచ్చారని కూడా ఎవరికీ చెప్పను."

దొరికిపోయింది అనుకున్నాను. కాగితం కోసం ఆమె బీరువా వైపు తిరిగింది. బల్ల మీద తెలుగులో అచ్చేసిన కాగితాల కట్ట ఉంది. పైదాంట్లో "ఓపిక" అన్న మాట కంటబడింది. ఎందుకు తీశానో తెలియదు, తీసి చేతిసంచిలో పెట్టుకున్నాను. ఆమె రాసిచ్చిన పేరు కూడా తీసుకుని దిగి వచ్చేశాను.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని కాగితం తీశాను. పైన "మొదటి నాలుగు వారాలు" అని ఉంది. కింద: రోజుకు ఒక్కరు. వాళ్లు చేసిన మంచి పనిని మీ కళ్లతో చూడండి. చూసింది చూసినట్టు, పనికి పేరు పెట్టి చెప్పండి. ఉత్తినే బాగుంది అనకండి. ఉదాహరణకు, "నువ్వు మళ్లీ చేశావు, విసుక్కోలేదు. నీ ఓపిక నాకు నచ్చింది."

జాకెట్టు మాట తప్ప అక్షరం కూడా పొల్లు పోలేదు.

ఆడది లేదు. ఈయన అక్కడికి వైద్యానికి పోతున్నాడు. ఇంద్రజ చెప్పిన రెండు కారణాల్లో మొదటిదన్నమాట. నేను గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకోవాలి కదా. నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో పూలమ్మే ఆమె చూస్తుండగానే ఏడ్చాను. ఎందుకంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, అనుమానపడుతూనే నేను ఆ మాటల కోసం ఎదురు చూడటం మొదలుపెట్టాను. పొద్దున లేస్తే ఈ రోజు ఏమంటాడో అని ఉండేది. రెండు రోజులు చీర కూడా మంచిది కట్టాను. ఇప్పుడు తెలిసింది, అవి నాకోసం పుట్టిన మాటలు కావు. బడిలో పిల్లలకిచ్చే ఇంటిపని లాంటివి. ఆ పని చేసుకోవడానికి ఈయనకు ఒక మనిషి కావాల్సి వచ్చింది, ఇంట్లో నేను ఉన్నాను. ఆడది ఉంటేనే నయం, ఆమె జుట్టు పట్టుకునేదాన్ని. కాగితం జుట్టు ఎక్కడ పట్టుకోను?

కన్నీళ్లు తుడుచుకుని కాగితం తిప్పాను. వెనక పక్క కూడా అచ్చు ఉంది. "ఐదో వారం నుంచి: చెడ్డ వార్త వినడం. రోజుకు ఒకరిని అడగండి: నాకు చెప్పకుండా దాచింది ఏమైనా ఉందా? వాళ్లు ముగించేదాకా నోరు తెరవకండి. కోపం వస్తే లేచి నీళ్లు తాగి, మళ్లీ వచ్చి కూర్చోండి."

వేళ్ల మీద లెక్కపెట్టాను. ఈయన మెచ్చుకోవడం మొదలుపెట్టి తొమ్మిది వారాలు. ఈ ప్రశ్న నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అందరికీ నచ్చే మొదటి పక్కనే పట్టుకుని వేలాడుతున్నాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నా కన్నా ముందే ఆయన వచ్చి కూర్చున్నాడు. పొయ్యి మీద ఏమీ లేదు. మామూలు రోజైతే ఆయన అరుపు సందు చివరికి వినిపించేది. మెడ నరం లేచే ఉంది, కానీ గొంతు సవరించుకున్నాడు.

"ఇంత ఎండలో బయటి పని చూసుకుని వచ్చావు. నీ..."

"చాలు" అన్నాను. కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "మీ పాఠం నేనూ చదివినా."

ఆయన కాగితం వైపు చూశాడు. ముట్టుకోలేదు. మొహం పాలిపోయింది. నాకు జాలి కలగలేదు.

"ఆ మాటలు నాకోసమా, కాగితం కోసమా?" అని అడిగాను. "అబద్ధం వద్దు."

ఈసారి ఆయన నోట మా ఇంటి తెలుగు వచ్చింది.

"మొదట కాగితం కోసమే" అన్నాడు. "ఏదన్నా చెప్పాలంటే మొదట చూడాల కదా. చూసేదానికి మొదలుపెట్టినా. నువ్వు సూదిలో దారం ఎక్కిచ్చేటప్పుడు ఊపిరి బిగబడతావు. నాకు తెలవదు వల్లీ. ఇన్నేండ్లు నీ ఎదురుగానే కూర్చోని తిన్నా, నాకు తెలవదు. అది చెప్పేదానికి రాలా. ఎట్ట చెప్పాలో కాగితంలో లేదు. అందుకని వంకాయలు, జాకెట్లు అని అవే చెప్తా వచ్చినా."

నన్ను వల్లీ అని పిలిచి పదేళ్లయింది. కనకవల్లి అని పూర్తిగా పిలిస్తే తిట్టడానికే. కరిగిపోయేదాన్నే, కానీ నాలో ఇంకా అనుమానం చావలేదు. ఇది కూడా ఏ కాగితంలోనో ఉందేమో అనుకున్నాను.

"అసలు ఆడికి ఎందుకు పోయినారు? ఎవురు పంపించినారు?"

"ఎవురూ పంపించలా. నేనే పోయినా. తెలుగులో అయితేనే చెప్పగలనని తెలుగామెను వెతుక్కోని పోయినా." కాగితం అంచు మడతపెడుతూ చెప్పాడు. "ఆస్పత్రిలో దీపక్‌ను అడిగినా. ఏరా, చూసినవాడివి ఎందుకు చెప్పలేదు అని. చెప్పేదానికి వచ్చినా సార్, అన్నాడు. మీ రూము తలుపు దాకా వచ్చినా, మీరు ఫోన్లో ఎవురినో తిడతా ఉండారు, కోపం తగ్గినాక చెప్దామని పోయినా, అన్నాడు. చెయ్యి మొత్తం కట్టు. నన్ను చూసి లేచి నిలబడేదానికి చూస్తా ఉండాడు. పడుకోని ఉన్నోడు, నన్ను చూసి లేస్తా ఉండాడు."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. దీపక్‌ను నేను ఒకటి రెండుసార్లే చూశాను. కానీ వాడు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయిన నడక నాకు బాగా తెలుసు. ఈ ఇంట్లో నేను నడిచే నడకే అది.

"కాగితం వెనక పక్క ఎందుకు చెయ్యలేదు?" అన్నాను.

"భయం."

"అడగండి. ఇప్పుడు అడగండి."

ఆయన నోరు తడుపుకున్నాడు. "నాకు చెప్పకుండా దాచింది ఏమన్నా ఉండాదా?" అన్నాడు. నా మొహం చూడకుండా అడిగాడు.

ఏం లేదు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అలవాటు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. దాన్ని మింగేసి చెప్పాను. "మీ ఫోన్ తీసి చూసినా. ఇంద్రజ ఫోన్ నుంచి ఆమెకు కొట్టినా. ఈ పొద్దు మీ వెనకాలే రైలెక్కి కోడంబాక్కం వచ్చినా. దొంగ పేరు చెప్పి ఆమె ముందర కూర్చున్నా. మీకు ఇంకో ఆడది ఉండాదని రెండు నెలలుగా అనుకుంటా ఉండా."

"నా ఫోన్..." అని లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "నా ఫోన్ తీసేదానికి నువ్వెవుతివే, నీకెంత..."

అరుపే. పాత అరుపే. పక్కింటి కిటికీ రెక్క కదిలింది. నేను వంటింట్లోకి పోలేదు. ఉన్నచోటే నిలబడ్డాను.

మాట మధ్యలో ఆయన ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, నరం లేచే ఉంది, మిగతా మాట గొంతులో ఉండిపోయింది. అరచెయ్యి నోటి మీద పెట్టుకున్నాడు. బిందె దగ్గరకు పోయి నీళ్లు ముంచుకున్నాడు. గ్లాసు చేతిలో ఊగి సగం చొక్కా మీద పడ్డాయి. తాగాడు. వచ్చాడు. పడిన కుర్చీ లేపి కూర్చున్నాడు.

రెండు నెలల మెచ్చుకోళ్లలో ఒక్కదాన్నీ నేను నమ్మలేదు. ఆ ఆగడాన్ని నమ్మాను. నీళ్లు తాగమని కాగితంలో ఉందన్నది నిజమే. చేతులు అలా వణకమని ఎవరూ అచ్చేసి ఇవ్వలేరు.

"ఇంకా ఉండాదా?" అని అడిగాడు.

అక్కడితో ఆపేసి అన్నం వండుకోవచ్చు. ఆయనకూ చాలు, నాకూ చాలు. కానీ ఒకటుంది. అది చెప్తే నిజంగానే కొట్టినా కొడతాడేమో అనిపించింది.

"ఉండాది" అన్నాను. "తలుపు దాకా వచ్చి పోయినానని దీపక్ విచారణలో చెప్పలా. వానికి మీరంటే భయం. మీరు కూడా చెప్పలా. తప్పు వాని పేరు మీద రాసి ఉండాది, మీరు ఇంట్లో కూర్చోని నన్ను మెచ్చుకుంటా ఉండారు. నాకు వద్దు ఆ మెచ్చుకోళ్లు."

చెప్పేసి ఎదురు చూశాను. నరం వైపే చూస్తున్నాను. లేవలేదు. ఆయన తల వంచుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. వీధిలో చేపలమ్మే చెల్లమ్మ కేక వేసుకుంటూ పోయింది.

తర్వాత లేచి తడిసిన చొక్కా విప్పి ఇంకోటి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ, "రేపు ఆఫీసులో నిజం రాసిస్తా. మొదట వానితో చెప్పాల. ఇంట్లో ఉండాడో లేదో నువ్వు ఫోన్ చేసి అడుగు" అన్నాడు.

"మీరే చెయ్యండి. మీ షిఫ్టు మనిషే కదా."

"నేను చేస్తే వాడు ఎత్తడు వల్లీ" అన్నాడు.